మా బాబుని ఊరి బడిలో వేయాలా, భవిత సెంటర్‌కి పంపాలా? (స్పెషల్ టీచర్ పోస్టులు, బడుల విలీనంపై చర్చ)

మల్లెపందిరి రాసింది:

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. మా బాబుకి తొమ్మిదేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. సదరం క్యాంపులో వైకల్యం 75 శాతం వేశారు. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తాడు. మాట స్పష్టంగా రాదు, కానీ అలవాటైన వాళ్లకి అర్థమవుతుంది. పన్నెండో ఎక్కం దాకా తడుముకోకుండా చెప్తాడు.

ఒకటి, రెండు తరగతులు ఊళ్లోనే చదివాడు. బడి మా ఇంటికి రెండొందల గజాలు కూడా ఉండదు. పొద్దున ఎత్తుకెళ్లి దించేదాన్ని, మధ్యాహ్నం వెళ్లి బాత్రూంకి తీసుకెళ్లి అన్నం పెట్టి వచ్చేదాన్ని. మూడో తరగతి వచ్చేసరికి ఆ తరగతి మా ఊళ్లో లేదు, హైస్కూల్లో కలిపేశారు. కిలోమీటరు లోపే అన్నారు. ఆ కిలోమీటరు మధ్యలో బైపాస్ రోడ్డుంది. ఆర్నెల్లు మోశాను. సంక్రాంతి తర్వాత నా నడుం పట్టేసింది. అప్పట్నుంచి ఇంట్లోనే ఉంటున్నాడు. రికార్డులో 'హోమ్ బేస్డ్' అని రాశారు. భవిత (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే సెంటర్) టీచరమ్మ నెలకి రెండుసార్లు వచ్చి వెళ్తుంది. మంచి మనిషే, కానీ మండలం మొత్తానికి ఇద్దరే ఉన్నారట.

ఇప్పుడు ఆ విలీనం జీవో తీసేశారు, మూడు నుంచి ఐదు మళ్లీ ఊళ్లోకి వచ్చాయి. కానీ మా బడికి ఒక్కరే టీచర్. పక్క ఊళ్లో మోడల్ ప్రైమరీ అయింది, తరగతికొక టీచర్ ఉన్నారు. రెండున్నర కిలోమీటర్లు. భవిత సెంటర్ ఎనిమిది కిలోమీటర్లు, అక్కడ ఫిజియోథెరపీ ఉంది. వీడు బడి గంట వినపడితే గుమ్మం దాకా పాక్కుంటూ వస్తాడు. ఎక్కడ వేయమంటారు?

---

ఏకోపాధ్యాయిని రాసింది:

అమ్మా, మీ ఊరి టీచర్ స్థానంలో ఉన్నదాన్ని నేను. వేరే జిల్లాలో. ఐదు తరగతులు, పంతొమ్మిది మంది పిల్లలు, నేనొక్కదాన్ని. పోయినేడు నా బడిలో ఒక పాపకి మేధో వైకల్యం. ఆ పాప వచ్చినప్పుడు నాకు భయం వేసింది, నిజం చెప్తున్నాను. నేను చదివిన శిక్షణలో అలాంటి పిల్లలకి ఎలా చెప్పాలో ఒక్క పాఠమో రెండు పాఠాలో ఉండి ఉంటాయి. పాప రోడ్డు మీదికి వెళ్లిపోతే వెనక పరిగెత్తాలి, మిగతా పద్దెనిమిది మందిని ఎవరికి అప్పజెప్పాలి? మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మే చాలాసార్లు ఆదుకుంది.

అయినా నేను మీకు ఊరి బడే చెప్తాను. నా దగ్గర ఆ పాప ఏడాదిలో తన పేరులో మొదటి అక్షరం రాయడం నేర్చుకుంది. అంతకంటే ముఖ్యం, మిగతా పిల్లలు తనకి చెప్పులు తొడగడం నేర్చుకున్నారు. ఎవరూ చెప్పకుండానే.

---

లెక్కలపద్దు రాసింది:

విద్యాశాఖలో పద్దుల సెక్షన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇక్కడ జీవోల గురించి కొంచెం గందరగోళం ఉంటుంది కాబట్టి క్లుప్తంగా చెప్తాను.

జీవో 117 వచ్చింది 2022 జూన్‌లో. కిలోమీటరు లోపు హైస్కూలుంటే 3, 4, 5 తరగతుల్ని అక్కడికి మ్యాప్ చేశారు. ఉద్దేశం సబ్జెక్టు టీచర్లతో చెప్పించాలని. 2025 మేలో 19, 20, 21 జీవోలతో దాన్ని పక్కనపెట్టి తొమ్మిది రకాల బడులు చేశారు. అందులోవే ఈ బేసిక్ ప్రైమరీ, మోడల్ ప్రైమరీ. రెండు ప్రభుత్వాలూ పిల్లల సంఖ్యకి టీచర్లని సర్దే లెక్కే చూశాయి. ఒకరు పైకి సర్దారు, ఒకరు పక్కకి సర్దారు. నడవలేని పిల్లవాడి గుమ్మం నుంచి దూరం కొలిచిన గడి ఏ ఫారంలోనూ నాకు కనపడలేదు.

డబ్బు సంగతి. సమగ్ర శిక్ష పథకంలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పిల్లవాడి పేరా ఏడాదికి 3,500 రూపాయలు. సర్వశిక్షా అభియాన్ మొదట్లో ఇది 1,200 ఉండేది, తర్వాత 3,000 అయింది. ఆడపిల్లలకి అదనంగా నెలకి 200 స్టైపెండ్, పది నెలలు. ఇందులో కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. రాష్ట్రం తన వాటా జమ చేయడం ఆలస్యమైతే కేంద్రం తర్వాతి విడత ఆగుతుంది. ఎస్కార్ట్ అలవెన్స్ (తోడు వచ్చే మనిషికి), ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్ ఎండాకాలం సెలవులకు ముందు ఒక్కసారిగా పడడం మీలో చాలామంది చూసే ఉంటారు. కారణం ఇదే. జూన్‌లో ఆటోకి ఇవ్వాల్సిన డబ్బు మార్చిలో వస్తే ఆటోవాడు ఆగుతాడా?

ఒక పని మాత్రం వెంటనే చేయండమ్మా. మీ బాబు పేరు యూడైస్ ప్లస్‌లో (బడులూ పిల్లల వివరాల ఆన్‌లైన్ రికార్డు) ఏ బడి కింద ఉంది, అందులో వైకల్యం గడి నింపారా లేదా కనుక్కోండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఆ 3,500 లెక్కలో మీ వాడు లేనట్టే. క్లస్టర్‌లో సీఆర్పీని (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) అడిగితే చూసి చెప్తాడు.

---

భవితలో_పదమూడేళ్లు రాసింది:

మల్లెపందిరి గారూ, మీ ఇంటికొచ్చే టీచరమ్మలాంటి దాన్నే నేను. ఐఈఆర్పీని (ప్రత్యేక అవసరాల పిల్లల రిసోర్స్ టీచర్), కాంట్రాక్టు. స్పెషల్ బీఎడ్ చేశాను, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) నంబరుంది.

మా రోజు ఎలా ఉంటుందో చెప్తే మీకు నిర్ణయం తేలికవుతుంది. సోమ, మంగళ, బుధ సెంటర్లో ఉంటాం. ఫిజియో వారానికొకసారి వస్తారు. మిగతా రోజుల్లో బడుల విజిట్లు, ఇంటి విజిట్లు. మధ్యలో సదరం స్లాట్లు, అలిమ్కో (కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఉపకరణాల క్యాంపుకి పిల్లల్ని చేరవేయడం, ఆన్‌లైన్ ఎంట్రీలు. నా కింద నలభై ఆరు మంది పిల్లలున్నారు. స్పెషల్ టీచర్ల నిష్పత్తి ప్రకటించమని సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌లో రజనీశ్ కుమార్ పాండే కేసులో కేంద్రాన్ని ఆదేశించింది; తర్వాత 2022లో కేంద్రం ప్రకటించింది ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆ పైన పదిహేను మందికి ఒకరు. ఆ తీర్పు వచ్చిన రోజు మేమందరం ఫోన్లు చేసుకున్నాం. ఒకామె ఏడ్చింది కూడా.

2025 మార్చిలో అదే కేసులో కోర్టు మళ్లీ గట్టిగా చెప్పింది: పోస్టులు మంజూరు చేసి నోటిఫై చేయండి, ఏళ్ల తరబడి కాంట్రాక్టులో ఉన్నవాళ్లకి అర్హతలుంటే స్క్రీనింగ్ కమిటీ పెట్టి చూడండి అని. ఆ మరుసటి నెలే ఆంధ్రప్రదేశ్‌లో 2,260 స్పెషల్ పోస్టులు మంజూరయ్యాయి. 1,136 ఎస్జీటీ (ప్రాథమిక తరగతులకి), 1,124 స్కూల్ అసిస్టెంట్ (పై తరగతులకి). మండలాలు 680 దాకా ఉన్నాయి, పంచి చూడండి: మండలానికి ముగ్గురు పైచిలుకు. ఇద్దరి కంటే నయమే. కానీ బడులు నలభై వేలకు పైగా ఉన్నాయి.

మీ బాబు విషయానికొస్తే: భవిత సెంటర్ బడికి బదులు కాదు, బడికి తోడు. ఇది చాలామంది హెడ్మాస్టర్లకే తెలియదు. "మీవాణ్ని భవితలో వేసుకోండి" అని పంపించేస్తారు. వారంలో ఫిజియో వచ్చే రోజు సెంటర్‌కి తీసుకురండి, మిగతా రోజులు బడికి పంపండి. వెన్ను వంగిపోకుండా కూర్చునే సీపీ (సెరిబ్రల్ పాల్సీ) కుర్చీ అవసరం, దాన్ని బడిలో పెట్టించండి, ఇంట్లో కాదు. ఇంట్లో మీ ఒడి ఉంటుంది.

---

మెదక్_సారు రాసిండు:

మా తెలంగాణల కూడా ఇంచుమించు ఇదే కథ. 2024 డీఎస్సీల 11,062 పోస్టులు పడ్డయి, అండ్ల స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్. ఇంతకుముందు ఇన్ని రెగ్యులర్ పోస్టులు ఎన్నడు చూడలె, అది ఒప్పుకోవాలె. ఆరొందల పైచిలుకు మండలాలకు వెయ్యి మంది.

కానీ నేనొక మాట అంటా, ఎవరు ఏమనుకోవద్దు. చిన్న బడులను ఎంతకాలం నడుపుదాం? పన్నెండు మంది పిల్లలున్న బడికి స్పెషల్ టీచర్ ఎన్నటికీ రాడు. పదిమందికి ఒకరు అంటే పదిమంది ప్రత్యేక పిల్లలు ఒక్క తాన ఉండాలె. నూటయాభై మంది ఉన్న బడి అయితే ర్యాంపు ఉంటది, ఆయా ఉంటది, తరగతికి సారు ఉంటడు, స్పెషల్ సారు వారంల రెండు రోజులన్న వస్తడు. నేను పనిచేసిన రెండు బడులను చూసే చెప్తున్న. చిన్న బడిల ప్రేమ ఉంటది, పెద్ద బడిల చదువు ఉంటది. అక్కా, మీ బాబుకు ఎక్కాలు వస్తున్నయి అంటున్నరు. అసొంటి పిలగాడు ఐదు తరగతులు ఒక్క గదిల కూసున్న కాడ మూలకు పడతడేమో అని నా భయం. బండి పెట్టిచ్చుకోని మోడల్ ప్రైమరీకి పంపుండ్రి.

---

మల్లెపందిరి రాసింది:

సార్, బండి ఎవరు పెడతారు? మా ఆయన తాపీ పనికి గుంటూరు వెళ్తారు, వారానికోసారి వస్తారు.

---

లెక్కలపద్దు రాసింది:

మెదక్ సారు మాటలో నిజముంది, తోసేయలేను. కానీ ఆ వాదన పూర్తవ్వాలంటే బండి ఖర్చు కూడా విలీనం ఖర్చులోనే రాయాలి. విద్యాహక్కు చట్టం నమూనా నిబంధనల్లో వైకల్యం వల్ల బడికి చేరలేని పిల్లలకి సురక్షితమైన రవాణా ఏర్పాటు ప్రభుత్వమే చూడాలని ఉంది. బడిని కలిపేటప్పుడు టీచర్ల జీతం ఎంత మిగిలిందో లెక్క కట్టారు. ఆ మిగిలిందాంట్లోంచి ఒక ఆటో ఖర్చు తీసిపెట్టి ఉంటే ఈ తల్లి నడుం విరిగేది కాదు.

భవనాలకి డబ్బు రాలేదని అనలేం. నాడు-నేడు మొదటి విడతలో 15,715 బడులకి 3,600 కోట్ల పైన ఖర్చయింది. మెదక్ సారూ, మీ తెలంగాణలో 'మన ఊరు మన బడి'కి 7,289 కోట్లు అన్నారు. గోడలకీ బల్లలకీ వచ్చిన డబ్బు మనుషుల దగ్గరికొచ్చేసరికి ఆగిపోతోంది. గోడ ఒక్కసారి ఖర్చు. ఆయా నెలనెలా ఖర్చు. నెలనెలా ఖర్చంటే ఫైలు కదలదు. నేను ఆ ఫైళ్ల మీద ముప్పై ఏళ్లు కూర్చున్నాను, ఇప్పుడు తల్చుకుంటే బాధగా ఉంది.

---

కమిటీ_నాన్న రాశాడు:

మా బడిలో ర్యాంపు కట్టారు. చివర్లో ఆరంగుళాల మెట్టు వదిలేశారు. కుర్చీ ఎక్కదు. తల్లిదండ్రుల కమిటీలో నేనుండి కూడా బిల్లు పాసయ్యాకే చూశాను, తప్పు నాదీ ఉంది. ఇప్పుడు అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు కొలిచి మేమే చందాలేసుకుని సిమెంట్ పోయించాం. దయచేసి కమిటీల్లో ఉన్నవాళ్లు టేపు పట్టుకుని వెళ్లండి.

---

నిశ్శబ్దం రాశాడు:

నేను పుట్టుకతో వినలేను. అందరూ ఊరి బడి, ఊరి బడి అంటున్నారు. నాలుగో తరగతి దాకా నేను ఊరి బడిలోనే చదివాను. చదివాను అనకూడదు, కూర్చున్నాను. టీచర్ బోర్డు వైపు తిరిగి మాట్లాడేవారు. పిల్లలు మంచివాళ్లే, నాకు చెప్పులు కూడా తొడిగేవాళ్లు. కానీ నాతో మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు. నా దగ్గర భాషే లేదు అప్పుడు. పదేళ్ల వయసులో ప్రభుత్వ బధిరుల వసతి పాఠశాలలో చేర్చారు. మొదటి రోజు రాత్రి హాస్టల్ వరండాలో అరవై మంది చేతులతో మాట్లాడుకుంటున్నారు. నేను తెల్లవారేదాకా నిద్రపోలేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్‌లో 6 నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలోగానీ, తన ఇష్టప్రకారం ప్రత్యేక పాఠశాలలోగానీ ఉచితంగా చదివే హక్కు ఉందని రాశారు. 'ఇష్టప్రకారం' అన్న మాట ముఖ్యం. ఆ చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. అందరికీ ఒకటే మందు వేయకండి. మా బళ్లలో కూడా సంజ్ఞా భాష బాగా వచ్చిన టీచర్లు తక్కువే. దానికీ నిధులు అడగండి.

మల్లెపందిరి గారి బాబు వినగలడు, భాష ఉంది, స్నేహితులున్న ఊరుంది. ఆయనకి ఊరి బడే సరి.

---

భవితలో_పదమూడేళ్లు రాసింది:

నిశ్శబ్దం గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. మా మండలంలో ఇద్దరు బధిర పిల్లలున్నారు. నాకు సంజ్ఞలు కొద్దిగానే వచ్చు, నా స్పెషలైజేషన్ మేధో వైకల్యం. అయినా వాళ్లిద్దరూ నా లిస్టులోనే ఉన్నారు. వాళ్ల తల్లిదండ్రులతో ఈ వారం వసతి పాఠశాల గురించి మాట్లాడతాను. పోస్టులు ఇచ్చేటప్పుడు ఏ మండలంలో ఏ వైకల్యం పిల్లలున్నారో చూసి ఆ స్పెషలైజేషన్ వాళ్లని వేయాలి. ఇప్పుడు రోస్టరు చూస్తారు, ఖాళీ చూస్తారు, పిల్లల్ని చూడరు. ఐదేళ్లకోసారి బడి పిల్లల్లో వైకల్యాల సర్వే చేయాలని ఇదే చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. ఆ సర్వే సరిగ్గా జరిగితే ఈ పని అయిపోతుంది.

---

డాలస్_నాన్న రాశాడు:

నాకు ఆటిజం ఉన్న కూతురుంది, ఏడేళ్లు. ఇక్కడ అమెరికాలో ఐఈపీ (ఒక్కో పిల్లకి విడిగా రాసే చదువు ప్రణాళిక) మీటింగ్ అని ఏడాదికొకసారి మమ్మల్ని కూర్చోబెట్టి, పాపకి వారానికి ఎన్ని నిమిషాలు స్పీచ్ థెరపీ, క్లాసులో పక్కన మనిషి కావాలా వద్దా అన్నీ రాసి సంతకాలు తీసుకుంటారు. రాసింది జరగకపోతే మేం అడగొచ్చు. 1975 చట్టంతో మొదలైంది ఇది. ఇక్కడా డబ్బు గొడవే ఉంది: అదనపు ఖర్చులో 40 శాతం దాకా ఫెడరల్ ప్రభుత్వం భరిస్తామని అప్పట్లో చెప్పారు, యాభై ఏళ్లలో ఒక్కసారీ అంతా ఇవ్వలేదు. మిగతాది రాష్ట్రాలూ, స్కూల్ డిస్ట్రిక్టులూ మోస్తున్నాయి.

మా అమ్మానాన్న పెద్దవాళ్లవుతున్నారు, విజయవాడ వచ్చేయాలని ఉంది. ఈ చర్చ చదివాక ధైర్యం చాలడం లేదు. అక్కడ ఐఈపీ రాస్తారా?

---

ఏకోపాధ్యాయిని రాసింది:

రాస్తారండీ. భవిత టీచర్లే రాస్తారు, ఫైల్లో ఉంటుంది. తల్లిదండ్రులకి ఒక కాపీ ఇవ్వడం మాత్రం నేను చూడలేదు. మా బడికి ప్రశస్త్ యాప్ కూడా వచ్చింది, పిల్లల్లో వైకల్య లక్షణాలు గమనించి గుర్తులు పెట్టాలి. పెట్టాను. నలుగురిని గుర్తించాను. గుర్తించిన తర్వాత ఎవరొస్తారో అని ఎదురుచూస్తున్నాను.

---

మెదక్_సారు రాసిండు:

ఆ కాపీ సంగతి మంచిగ చెప్పిన్రు మేడం. అది మనం ఇప్పుడే చెయ్యొచ్చు, దానికి జీవో అక్కర్లె. రేపే మా స్పెషల్ సారును అడిగి మా బడిల ముగ్గురు పిల్లల తల్లిదండ్రులకు కాపీలు ఇప్పిస్త.

అక్కా, బండి మాట నేను తొందరపడి అన్న. ఒక్కతే ఉన్న తల్లికి రెండున్నర కిలోమీటర్లు అంటే ఏందో నాకు సమజ్ కాలె. ఊళ్లనే ఎయ్యిండ్రి. కానీ మీ ఊరి టీచరమ్మకు రెండో టీచర్ కావాలని కమిటీ తీర్మానం రాయిండ్రి, బాబు పేరు అండ్ల పెట్టుండ్రి.

---

మల్లెపందిరి రాసింది (ఇరవై రెండు రోజుల తర్వాత):

అందరికీ ఏం జరిగిందో చెప్పాలి కదా.

యూడైస్‌లో బాబు పేరు హైస్కూల్ కిందే ఉండిపోయింది. వైకల్యం గడి నింపలేదు. సీఆర్పీ అన్నయ్య చూసి మా ఊరి బడికి మార్పించాడు, ఆ గడి కూడా నింపించాడు. సదరం కాగితం జిరాక్స్ మూడుసార్లు అడిగారు, ఇచ్చాను. ఇంటి చదువు ఎంచుకునే హక్కు మాదే గానీ బడి వాళ్లది కాదని చట్టంలో ఉన్నట్టు భవిత టీచరమ్మే ఎంఈఓ గారికి చెప్పింది. ఆయన కాదనలేదు. నేను వెళ్లకముందు మాత్రం ఎవరూ నాకా మాట చెప్పలేదు.

బడి టీచరమ్మ మొదట భయపడింది, ఇక్కడ మేడం రాసినట్టే. ఆ మేడం పోస్టు నేను ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "గుమ్మం దగ్గర బల్ల తీయించి వీడి కుర్చీకి చోటు చేద్దాం" అంది. సీపీ కుర్చీ ఇంకా రాలేదు. ఇంట్లోని ప్లాస్టిక్ కుర్చీకి మా మామయ్య రెండు పక్కలా చెక్కలు బిగించి, నడుముకి పాత చీర పట్టీ కట్టాడు. గురువారం ఫిజియోకి బస్సులో తీసుకెళ్తున్నా, కండక్టర్ ఎక్కిస్తున్నాడు.

రెండో టీచర్ కోసం తీర్మానం రాశాం, ఏడుగురు తల్లులు సంతకం పెట్టారు, ఇద్దరు వేలిముద్ర వేశారు. ఐఈపీ కాపీ అడిగాను, వచ్చే గురువారం ఇస్తానంది.

మధ్యాహ్నం నేను వెళ్లేసరికి నాలుగో తరగతి పిల్లలు వీడి చేత ఎక్కాలు చెప్పించుకుంటున్నారు. పదమూడో ఎక్కం మొదలుపెట్టాడు. పదమూడు ఏడుల దగ్గర ఆగిపోతున్నాడు.

లెక్కలపద్దు సార్, ఎస్కార్ట్ అలవెన్స్ ఫారంలో తోడు వచ్చే మనిషి గడిలో మా అత్తగారి పేరు రాయొచ్చా? పొద్దున పూట తీసుకెళ్లేది ఆవిడే.